పుక్కిట్లో నీళ్ళు పట్టిన ఆచారి

అనగనగా ఒక రేవు. ఒడ్డున దీపస్తంభాలు ఇంకా పుట్టని కాలం అది. ఆ రేవు పేరు కొంగరేవు, దాన్ని ఏలే రాజు పేరు సాగరవర్మ.

కొంగరేవులో ఏటా చలికాలం పొగమంచు పడేది. అట్లాంటి ఇట్లాంటి మంచు కాదర్రా, చాపిన చెయ్యి మనదో పక్కవాడిదో తెలిసేది కాదు. వేటకెళ్ళిన పడవలకి ఒడ్డెటో, రాళ్ళెటో తెలియదు. అందుకని ఒడ్డున ఒక పెద్ద కంచుగంట కట్టారు. మంచు పడ్డప్పుడు దాన్ని మోగిస్తే, ఆ చప్పుడు పట్టుకుని పడవలు ఇల్లు చేరేవి.

ఒక ఏడు ఆ గంట మీద పిడుగు పడింది. గంట రెండు చెక్కలైంది. ఆ చలికాలమే ఒక పడవ రాళ్ళకి కొట్టుకుని పగిలిపోయింది. అందులో వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. వాళ్ళలో ఒకడు పోలమ్మ మొగుడు. పోలమ్మకి ఇక మిగిలింది ఒక్క కొడుకు, గంగులు. వాడూ సముద్రం మీదికి వెళ్ళేవాడే. వెళ్ళకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు మరి.

కొత్త గంట చెయ్యమని రాజు భీమనాచారిని పిలిచి చెప్పాడు. భీమనాచారి గంటలశాలకి పెద్ద. పనిలో ఆయన్ని మించినవాడు చుట్టుపక్కల ఏ రాజ్యంలోనూ లేడు. కోపంలోనూ లేడు. ఆయనకి కోపం వస్తే కొలిమి తన మంట తగ్గించుకుని పక్కకి జరిగేదని పనివాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. చాటుగానేలెండి, ఎదురుగా నవ్వే ధైర్యం ఎవరికుంది!

గంట పోత పొయ్యడం ఎట్లాగో చెబుతాను, వినండి. ముందు మట్టితో ఒక దిమ్మ కడతారు. దాని మీద మైనంతో గంట ఆకారం చేస్తారు. ఆ మైనం మీద మళ్ళీ మట్టి పూస్తారు. ఇదంతా కలిపి అచ్చు. అచ్చుని బాగా కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. అచ్చుని గుంటలో దించి, ఆ ఖాళీలో కరిగిన కంచు పోస్తారు. మట్టిలో పిసరంత తడి మిగిలిందా, ఇక అంతే సంగతులు. తడి ఆవిరై లోపల్నించి తన్నుతుంది, కంచు ఎగిరి చిమ్ముతుంది.

ఆ శాలలో మట్టి తొక్కి దిమ్మ కట్టేది మన పోలమ్మే. కొడుకుని ఒడ్డుకి చేర్చాల్సిన గంటకి తన చేత్తోనే మట్టి తొక్కుతోందన్న మాట.

ఆ శాలలో ఒక ఆచారం ఉంది. కంచు పొయ్యబోయే ముందు పెద్దాచారి గుంట ఒడ్డున నిలబడి "పోయనా?" అని మూడుసార్లు అడుగుతాడు. పనివాళ్ళంతా "పోయండి!" అని మూడుసార్లు అంటారు. భీమనాచారి తాత పెట్టిన ఆచారం అది. ఆ తాత ఒకసారి అడిగి, ఒక్కొక్కరి మొహంలోకి చూసి, ఆ తర్వాతే రెండోసారి అడిగేవాడట. భీమనాచారి కాలానికి చూడటం పోయి, కేక మాత్రం మిగిలింది. "పోయనా?" "పోయండి!" "పోయనా?" "పోయండి!" జాతరలో డప్పు కొట్టినట్టు గడగడా అయిపోయేది. శాల దూలానికి వేలాడే పంజరంలో ఒక గోరువంక కూడా ఉండేది. వినీ వినీ అదీ నేర్చుకుంది. అందరితో పాటు అదీ "పోయండి!" అని అరిచేది.

ఎన్నడూ ఎవరూ "ఆగండి" అనలేదా అంటారేమో. ఒకడు అన్నాడు. వాడి పేరు అంకన్న. ఒక చిన్న గంట పోసేటప్పుడు "అయ్యా, అచ్చు ఇంకా తడిగా ఉన్నట్టుంది" అన్నాడు. ఆపి చూస్తే అచ్చు పొడిగానే ఉంది. భీమనాచారి కళ్ళెర్రజేశాడు.

"ఓహో! నాకు నేర్పేవాడు పుట్టాడర్రా! తడి నీ అచ్చులో కాదు, నీ బుర్రలో ఉంది. రేపట్నించి తిత్తులు తొక్కు, పో!"

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి వాడి పేరు తడి అంకన్న. అచ్చుల పని నుంచి తీసి కొలిమి తిత్తుల దగ్గర పడేశారు. నవ్వినవాళ్ళు కూడా ఆ రోజు ఒకటి నేర్చుకున్నారు. ఏం నేర్చుకున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు.

సరే, పెద్ద గంటకి అచ్చు సిద్ధమైంది. భీమనాచారి గుంట ఒడ్డున నిలబడ్డాడు. "పోయనా?" అన్నాడు. "పోయండి!" అన్నారు. కంచు పోశారు. బుస్సున ఆవిరి లేచింది, కంచు చిమ్మింది, అందరూ తలో దిక్కుకి పరిగెత్తారు. చల్లారాక తీసి చూస్తే గంట నిండా చిల్లులే. అందులో ఇసుక జల్లించుకోవచ్చు.

"ఎవడు చేశాడిది?" అని గర్జించాడు భీమనాచారి. ఎవరూ పలకలేదు. "అట్లాగా! ఇవాళ్టి నుంచి ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచండి. ఎవరి తప్పు కనిపించినా నాకు చెప్పండి. తప్పు చేసినవాడు శాల గడప దాటి పోవాల్సిందే!"

ఇంకేముంది! అప్పట్నించి పనివాళ్ళ కళ్ళు గంట మీద లేవు, పక్కవాడి మీదే ఉన్నాయి. పక్కవాడి కంట పడకుండా ఎవరి తప్పు వాళ్ళు కప్పుకోవడమే సగం పనైంది.

అదే కంచు మళ్ళీ కరిగించి రెండోసారి పోశారు. ఈసారి ఆవిరి లేవలేదు, గంట నున్నగా వచ్చింది. రాజు వచ్చాడు, హారతిచ్చారు, సుత్తి పెట్టి ఒక్క దెబ్బ కొట్టారు. ఠంగుమనాల్సిన గంట టప్పుమంది. పైనించి కిందదాకా పగులు పాకింది. కంచు కావలసినంత కాగలేదు. కాగని కంచు అచ్చులో సరిగ్గా అతుక్కోదు.

రాజు భీమనాచారిని కేకలెయ్యలేదు. అది ఇంకా కష్టంగా ఉంది ఆయనకి.

"ఆచారీ, చలికాలం ముంచుకొస్తోంది," అన్నాడు రాజు. "పడవలు ఎన్నాళ్ళని ఒడ్డున కట్టేసి ఉంచను? ఈసారీ చెడితే ఈ శాలకి తాళం వేసి, పొరుగు దేశం పనివాళ్ళని పిలిపించాల్సి వస్తుంది. వాళ్ళొచ్చే లోపల పోయే ప్రాణాలు ఎవరి లెక్కలో రాయను?"

ఆ మధ్యాహ్నం పనివాళ్ళు అన్నాలకి వెళ్ళారు. భీమనాచారికి ముద్ద దిగలేదు. ఖాళీ శాలలో పగిలిన గంట పక్కన కూలబడ్డాడు. ఏదో ఆలోచిస్తూ అలవాటు కొద్దీ నోట్లో గొణిగాడు: "పోయనా?"

"పోయండి!" అంది గోరువంక.

ఆచారి తలెత్తి చూశాడు. "ఏం పోయమంటావే? కొలిమిలో నిప్పే లేదు. పోయనా?"

"పోయండి!"

"అచ్చే లేదే పిచ్చిదానా! నేల మీద పోయనా?"

"పోయండి!"

"నా నెత్తి మీద పోయనా?"

"పోయండి! పోయండి!"

భీమనాచారికి నవ్వొచ్చింది. పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. ఇన్నేళ్ళూ తను అడిగింది ఎవర్ని? జవాబు చెప్పింది ఎవరు? శాల నిండా మనుషుల్ని పెట్టుకుని, తను విన్నది గోరువంక మాటే కదా! పంజరంలో ఉన్నది ఒక్క పక్షే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

లేచి బొగ్గుల పాక దగ్గరికి నడిచాడు. అక్కడ నీడలో పనివాళ్ళు అన్నాలు తింటున్నారు. ఆయన్ని చూసి అందరూ లేవబోయారు. "కూర్చోండి, కూర్చోండి," అని తనూ నేల మీద కూర్చున్నాడు.

"పోలమ్మా, ఒక్క మాట నిజం చెప్పు. మొదటి అచ్చు తడిగా ఉందని నీకు తెలుసా?"

పోలమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "తెలుసయ్యా," అంది.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు? ఆ గంట నీ కొడుకు కోసం కదా!"

పోలమ్మ భోరుమంది. "నా కొడుకు కోసమేనయ్యా. ఆ గుంట పక్కన నిలబడి నోరు తెరవబోయాను కూడా. అంకన్న మొహం కనపడింది. సముద్రం నా కొడుకుని ఎప్పుడు మింగుతుందో తెలీదు, తమరి కోపం మాత్రం ఆ క్షణమే మింగుతుంది. కూలి పోతే సాయంత్రానికి గంజి లేదు. దగ్గరున్న భయమే పెద్దదిగా కనపడిందయ్యా. నేనూ పోయండి అన్నాను."

అందరూ తలలు వంచుకున్నారు. అప్పుడు అంకన్న గొంతు సవరించుకున్నాడు.

"రెండోది నా తప్పయ్యా. తిత్తికి చిరుగు పడింది. గాలి సగం అందులోంచే పోయింది. చెబితే నువ్వే చింపావంటారని మట్టి ముద్ద పెట్టి మూశాను."

చూశారా! ఎవరికీ తెలియని తప్పు ఒక్కటీ లేదు. తెలియనివాడు ఒక్కడే, అన్నీ తనకే తెలుసనుకున్న భీమనాచారి.

ఆయన లేచి, అందరి ముందూ అంకన్నకి చేతులు జోడించాడు. "అంకన్నా, ఆ రోజు నిన్ను నవ్వులపాలు చేశాను. తప్పు నాది. ఇక మీదట ఎవరు ఆగండి అన్నా ఆగుతాను."

అంకన్న గబుక్కున కరిగిపోయాడనుకుంటున్నారా? లేదు. దెబ్బ తిన్న మనిషి అంత తేలిగ్గా నమ్ముతాడా?

"ఇవాళ తమరి మనసు మెత్తగా ఉంది అయ్యా," అన్నాడు. "రేపు కోపం వస్తేనో?"

"వస్తుంది," అన్నాడు భీమనాచారి. "నా కోపం సంగతి నాకు తెలియదూ! అందుకే దానికో మూత పెడతాను."

ఆయన పెట్టిన మూత ఏమిటో వింటే నవ్వుతారు. పోత పోసే ముందు ఆయన చెంబెత్తి పుక్కిట్లో నీళ్ళు పట్టాలి. "పోయనా?" అని అడగడం ఇక లేదు. పనివాళ్ళే వరసగా, అందరికన్నా చిన్నవాడితో మొదలుపెట్టి, "ఇది ఇక్కడ చెడొచ్చు" అని తలా ఒక అనుమానం చెప్పాలి. "ఏమీ లేదండీ" అంటే కుదరదు. అందరి మాటా అయ్యాకే ఆయన నీళ్ళు ఉమ్మి నోరు విప్పాలి.

ముందు ఒక చిన్న గంట మీద మొదలుపెట్టారు. బుగ్గలుబ్బించుకుని నిలబడ్డ ఆచారిని చూసి అందరికీ నవ్వాగలేదు. కానీ ఏం లాభం, ఒకడు "బొగ్గులు తక్కువేమో" అన్నాడు, ఇంకొకడు "గాలి ఎక్కువేమో" అన్నాడు. అన్నీ పైపై మాటలే. అసలు మాట ఎవరి గొంతూ దాటలేదు. అంకన్న వంతు వచ్చింది. వాడు ఆచారి మొహంలోకి చూశాడు. అప్పుడు, కావాలనే అన్నాడో నిజంగా అనిపించే అన్నాడో ఆ దేవుడికే తెలియాలి, పాత మాటే అన్నాడు.

"అచ్చు తడిగా ఉన్నట్టుందయ్యా."

భీమనాచారి చెయ్యెత్తి పోత ఆపించాడు. అచ్చు పగలగొట్టి చూశారు. పొడి! చిటపటలాడేంత పొడి! కాగిన కంచు చల్లారిపోయింది. బండెడు బొగ్గులు బూడిదైపోయాయి. ఎన్నాళ్ళో కష్టపడి కట్టిన అచ్చు ముక్కలై నేల మీద పడింది.

అందరూ ఆచారినే చూస్తున్నారు. ఆయన మొహం కందగడ్డలా అయింది. కణతల మీద నరాలు ఉబ్బాయి. నోట్లో నీళ్ళు లేకపోతే ఏం మాటలు వచ్చేవో! ఆ నీళ్ళు ఉమ్మలేదు, గుటకలు గుటకలుగా మింగాడు. కోపం కూడా వాటితోనే లోపలికి పోయింది కాబోలు. అంకన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"మళ్ళీ అనుమానం వస్తే మళ్ళీ ఆపు," అన్నాడు. అంతే. ఇంకో మాట అనలేదు. "పదండి, కొత్త అచ్చు కడదాం."

అంకన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోలమ్మ ఆ మాట విని మట్టి తట్ట దించి, ఆచారి వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ రోజు నుంచి ఆ శాలలో నోళ్ళు తెరుచుకున్నాయి. ఎవరి తప్పు వాళ్ళే ముందు చెప్పేవారు. తడి అంకన్న అన్న పేరు దానంతటదే రాలిపోయింది. అంకన్న మళ్ళీ అచ్చుల దగ్గరికి వచ్చాడు.

ఇక మూడోసారి, పెద్ద గంట. రాజు వచ్చాడు, మంత్రి వచ్చాడు, ఊరంతా వచ్చింది. పురోహితులు ముహూర్తం పెట్టారు. సన్నాయి మోగుతోంది. రాజు దగ్గరగా చూడాలని గుంట ఒడ్డుకే వచ్చి నిలబడ్డాడు. భీమనాచారి చెంబెత్తి పుక్కిట్లో నీళ్ళు పట్టాడు. మంత్రి నోరు వెళ్ళబెట్టి చూశాడు.

వరసగా అందరూ చెప్పారు. చెప్పిందల్లా అక్కడికక్కడే చూసి సరిచేశారు. పోలమ్మ వంతు వచ్చింది. ఎదురుగా రాజు, వెనకాల ఊరు. నోరు మూసుకుంటే ఏ గొడవా లేదు. చేసిన తప్పు తనకి తప్ప ఎవరికీ తెలియదు కూడా.

"అయ్యా..." అంది. "ఏటిమట్టి చాలలేదు. వాన వస్తోందని తొందరపడి, లోపలి దిమ్మలో ఒక తట్ట సముద్రపొడ్డు మట్టి కలిపాను. అది ఉప్పుమట్టి. ఎంత కాల్చినా గాలిలో చెమ్మ లాక్కుంటుంది. ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇందాకటి నుంచీ గుండె ఒప్పుకోవడం లేదు. ఆపండయ్యా."

"ఇదేమిటి!" అన్నాడు మంత్రి. "ముహూర్తం దాటిపోతోంది! ప్రభువులు వేచి ఉన్నారు! ఒక మట్టి తొక్కే మనిషి మాటకి..."

భీమనాచారి చెయ్యి పైకి లేచింది. సన్నాయి ఆగిపోయింది. అంకన్న గుంటలోకి దిగి దిమ్మ అడుగున ఉలితో చెక్కాడు. బయటికి తీసిన మట్టి అరచేతిలో పిండాడు. అది ముద్దయింది. పొడి మట్టి ముద్దవదు కదా.

ఆచారి నీళ్ళు ఉమ్మి, రాజు వైపు తిరిగాడు. "పోసి ఉంటే కంచు ముందు ఎగిరి పడేది తమరి మీదే ప్రభూ."

రాజు గబగబా వెనక్కి అడుగేశాడు. ఎంత రాజైనా ఒళ్ళు ఒళ్ళే కదా!

"తప్పు చేసింది ఆవిడే కదా, శిక్షేమిటి?" అన్నాడు మంత్రి.

"తప్పు చేసింది, చెప్పింది కూడా," అన్నాడు భీమనాచారి. "ఇప్పుడు శిక్షిస్తే అది తప్పు చేసినందుకు అనుకోరండీ, చెప్పినందుకు అనుకుంటారు. ఇక ఈ శాలలో నాకు వినపడేది, ఏమడిగినా 'పోయండి' అని అరిచే ఆ గోరువంక మాటే."

రాజు పోలమ్మ వంక చూశాడు, ఆచారి చేతిలోని చెంబు వంక చూశాడు. "కానివ్వండి. ముహూర్తం మళ్ళీ పెట్టిద్దాం," అని వెళ్ళిపోయాడు.

పోలమ్మ ఏటికి నడిచి వెళ్ళి మంచి మట్టి తెచ్చింది. తట్ట మొయ్యడానికి శాలంతా ఆమె వెంట వెళ్ళింది. మళ్ళీ దిమ్మ కట్టారు, మళ్ళీ కాల్చారు, మళ్ళీ ఒకరి తర్వాత ఒకరు అనుమానాలు చెప్పారు. ఈసారి కంచు చప్పుడు లేకుండా, పాలు పోసినట్టు అచ్చులోకి దిగింది. చల్లారాక ఒక్క దెబ్బ కొడితే ఊరి చివర పశువులు కూడా తలలెత్తి చూశాయి.

గంట కట్టిన కొద్ది రోజులకే మంచు పడింది. పొద్దున తేటగా ఉందని వెళ్ళిన పడవలు సముద్రం మీదే ఉన్నాయి. గంగులు పడవా వాటిలో ఉంది. భీమనాచారీ, అంకన్నా చెరో చేత్తో గంట తాడు పట్టుకుని లాగుతూనే ఉన్నారు. పోలమ్మ నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగి నిలబడింది. ఒక పడవ వచ్చింది, గంగులు లేడు. ఇంకో పడవ వచ్చింది, అందులోనూ లేడు. పోలమ్మ గుండె చిక్కబట్టుకుంది.

మంచులోంచి ముందు తెడ్డు చప్పుడు వినిపించింది. ఆ తర్వాత పడవ ముక్కు కనిపించింది. గంగులు ఒక్క దూకు దూకి తల్లి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమే అమ్మా, నీళ్ళలో నిలబడ్డావు? ఆకలేస్తోంది, అన్నం వండావా?" అన్నాడు.

పోలమ్మ వాణ్ణి పట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "వండలేదురా. ఇప్పుడు వండుతా. నీకెంత కావాలంటే అంత వండుతా," అంది. గంట తాడు దగ్గర భీమనాచారి తల పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నారు కదూ! ఇంకొంచెం ఉంది.

ఆ నెలలోనే రాజు సభ తీర్చాడు. "పడవల మీద సుంకం పెంచుదామనుకుంటున్నాను, పెంచనా?" అని అడిగాడు. "భేషైన ఆలోచన ప్రభూ!" అంది సభ. "రెట్టింపు చెయ్యనా?" అన్నాడు. "చిత్తం ప్రభూ! చిత్తం!" అంది సభ. అందరికన్నా గట్టిగా మంత్రి అన్నాడు. రాజు ఆ మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. ఆయన చెవుల్లో ఒక గోరువంక అరిచింది.

రాజు నౌకరుని పిలిచాడు. "ఒక చెంబుడు నీళ్ళు పట్రా," అన్నాడు. సభలో అందరికన్నా వెనక వరసలో నిలబడ్డ చిన్న ఉద్యోగి వైపు చెయ్యి చూపించి, పుక్కిట్లో నీళ్ళు పట్టి, బుగ్గలుబ్బించుకుని కూర్చున్నాడు.

అదర్రా సంగతి: చెడు కబురు చెప్పినవాణ్ణి కసిరే పెద్దకి మంచి కబుర్లే అందుతాయి, పని మాత్రం చెడిపోతుంది, నిజం చెవిన పడాలంటే పెద్దవాడు ముందు తన నోరు కట్టుకోవాలి.